భూకంపం గారి కారు షెడ్డు

విశ్వవిద్యాలయంలో భూకంపాల అధ్యయన కేంద్రం డైరెక్టరును వెనకాల అందరూ భూకంపం గారు అనేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం సార్. ఆయన ఎక్కడ నోరు విప్పినా భూమి పలకలతోనే మొదలుపెట్టేవాడు. మన కాళ్ళ కింద అవి గోళ్ళు పెరిగినంత నెమ్మదిగా ఎలా జరుగుతాయో, ఎక్కడ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. పెళ్ళిలోనూ అదే, సంతాప సభలోనూ అదే.

ఆ కేంద్రంలో అన్ని శాస్త్రాలవాళ్ళూ కలిసి పనిచేస్తారు. అంటే ఒకే బల్ల చుట్టూ కూర్చుని, బిస్కెట్లు నములుతూ, ఒకరు చెప్పింది ఇంకొకరు వినరు. ఆర్థికవేత్త ఫోన్లోంచి తలెత్తడు. మనస్తత్వ శాస్త్రం మేడమ్ ఎవరేమన్నా "మీ మాటల్లో భయం కనిపిస్తోంది" అంటుంది. చరిత్ర ఆచార్యుడు పాత భూకంపాలకే పూచీ, కొత్తవాటితో తనకు సంబంధం లేదంటాడు. చివరి కుర్చీలో ఇంజనీరమ్మ. భవనాల బలం చూడటం ఆమె పని.

వీళ్ళందరి మీదా ఆమెకు చులకనే. దాన్ని దాచుకునే ఓపిక కూడా ఎప్పుడో పోయింది. కానీ ఈసారి నివేదికలో ఆమెకు ఒకే ఒక్క వాక్యం కావాలి: "ఈ భవనంలోని క్రెష్‌ను వెంటనే ఖాళీ చేయించాలి."

ఈ భవనమంటే వాళ్ళు కూర్చున్నదే. పై అంతస్తులు గోడలతో, పుస్తకాలతో, యంత్రాలతో బరువెక్కి ఉన్నాయి. కింద మాత్రం ఒకప్పటి పార్కింగు, ఉత్త స్తంభాలు. వాటి మధ్య చెక్కలు అడ్డం పెట్టి, ఏనుగు బొమ్మలు అతికించి, ఉద్యోగుల పిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్ అన్నారు. నేల గట్టిగా ఊగితే ముందు విరిగేవి ఆ స్తంభాలే. ఇంజనీరమ్మ కూతురు బుజ్జి రోజూ మధ్యాహ్నం వాటి పక్కనే పడుకుంటుంది. వదలడానికి ఆమెకు వేరే చోటు లేదు.

"'వెంటనే' అంటే మరీ కంగారుగా ఉందమ్మా," అన్నాడు భూకంపం గారు. "పలకలకు ఎంత ఓపిక! మనకు ఉండొద్దూ?"

"పలకలకు ఉంది సార్. స్తంభాలకు లేదు."

ఖాళీ అనే మాట చూస్తే తల్లిదండ్రులు బెదిరిపోతారంది మనస్తత్వం మేడమ్. క్రెష్ అనకుండా "కొన్ని వినియోగాలు" అంటే నిండుగా ఉంటుందన్నాడు ఆర్థికవేత్త, ఫోను చూస్తూనే. ఈ భవనం కూలిందనడానికి ఆధారాల్లేవన్నాడు చరిత్ర ఆచార్యుడు. ఇంకా కూలలేదు కాబట్టే లేవని ఆయనకు తట్టలేదు. చివరికి వాక్యం ఇలా తేలింది: "కొన్ని వినియోగాల విషయమై మరింత లోతైన బహుశాస్త్ర అధ్యయనం అవసరం." అందరూ భేష్ అని తలలూపారు.

ఆ తలలు ఇంకా ఊగుతుండగానే నేల ఊగింది.

పెద్దదేం కాదు. గ్లాసులు గలగలలాడాయి, ఫ్యాను అటూ ఇటూ తూలింది. కానీ ఆ పరుగు చూడాలి! "పరిగెత్తకండి, బల్ల కింద దూరండి" అని ఊరూరా ఉపన్యాసాలిచ్చిన భూకంపం గారు ఆర్థికవేత్తను మోచేత్తో తోసేసి అందరికంటే ముందు మెట్లు దిగాడు. క్రెష్ గుమ్మం ముందు నుంచే పోయారందరూ. ఒక్కరూ లోపలికి తొంగిచూడలేదు. ఇంజనీరమ్మ లోపలికి దూకేసరికి పిల్లల్ని చూసుకునే ఆయమ్మ చేతికందిన పిల్లల్ని చంకనేసుకుని బిక్కచచ్చి నిలబడి ఉంది. బుజ్జి ఇంకా నిద్రలోనే ఉంది.

మర్నాడు భూకంపం గారు తనకు దుమ్ము పడటం లేదని చెప్పి ఎదురుగా ఉన్న కొత్త భవనంలోకి మారిపోయాడు. క్రెష్ పక్కనే, అవే స్తంభాల మధ్య ఉన్న తన పాత గదిని పిల్లలకు కానుకగా ఇచ్చేశాడు. విశాలంగా ఆడుకుంటారట. ఆ ప్రకటనకు అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన అటు నుంచి అటే పలకల మీద ఉపన్యాసానికి వెళ్ళిపోయాడు.

"అమ్మా, మీరు బిల్డింగులు చూసేవాళ్ళు కదా," అడిగింది ఆయమ్మ. "ఇది బాగానే ఉందంటారా?"

"మరింత లోతైన..." అని నోట్లోంచి వచ్చేసింది ఇంజనీరమ్మకు. తన మీద తనకే రోత పుట్టింది. ఇన్నాళ్ళూ ఆ బల్ల దగ్గర కూర్చుని తను చేసింది మాత్రం ఏముంది?

"బాలేదు. పిల్లల్ని బయటికి తీసుకురా. చాపలు కూడా పట్రా."

బయట ఎండ మండిపోతోంది. నీడ ఉన్నది ఒక్కచోటే, భూకంపం గారి కారు షెడ్డులో. సన్నటి గొట్టాల మీద తేలికపాటి రేకులు, పడినా ప్రాణం పోదు. చాపలు పరిచారు. ఏనుగు బొమ్మ కూడా వచ్చింది.

కాసేపటికి కారు వచ్చి హారన్ కొట్టింది. పిల్లలు లేచి టాటా చెప్పారు.

"ఏంటమ్మా ఇదంతా?" అన్నాడు భూకంపం గారు అద్దం దించి.

"కొన్ని వినియోగాలు సార్."

"మరి నా కారు?"

"ఎండలో పెట్టుకోండి సార్. కాస్త ఓపిక పట్టాలి."

విషయం తెలిసి వచ్చిన పిల్లల తల్లులు పక్కన గుమిగూడి ఉండబట్టి ఆయన కారు ఎండలోనే పెట్టాడు. సాయంత్రం కాలిపోతున్న సీటు మీద కూర్చుని కెవ్వుమని లేవడం క్యాంపస్ అంతా చూసింది.

తెల్లారేసరికి భూకంపం గారి ఉత్తర్వు వచ్చింది. దానికి ఏ శాస్త్రమూ అవసరం పడలేదు. క్రెష్‌ను అతిథుల కోసం కట్టిన ఒంటి అంతస్తు ఇంట్లోకి మార్చాలట, వెంటనే. ఇంజనీరమ్మ చదివి నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. స్తంభాల పక్కన పడుకున్న పిల్లల వల్ల కాని పని, ఆయన కారు సీటు వల్ల అయింది.