తొమ్మిదో స్థానం

వెస్టర్‌ఫేన్ ఫుట్‌బాల్ క్లబ్బు పోయిన ఏడాది తొమ్మిదో స్థానంలో నిలిచింది. అంతకు ముందు ఏడాది ఎనిమిది. దానికి ముందు మళ్ళీ తొమ్మిది. పద్దెనిమిది జట్లున్న నాలుగో డివిజన్‌లో వాళ్ళకి పైకి పోయే యోగమూ లేదు, కిందికి జారే భయమూ లేదు. హిల్కె కొడుకు మెన్నో ఆ జట్టుకి పద్నాలుగేళ్ళుగా ఆడుతున్నాడు. అందులో ఆరేళ్ళుగా కెప్టెను. ఇప్పుడతనికి ముప్ఫై నాలుగు. మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి, అతన్ని ఉంచుకోవాలో పంపించెయ్యాలో తేల్చడానికి క్లబ్బు సభ్యులందరూ హైస్కూలు హాల్లో చేరారు.

అలాగని కాగితం మీద రాయలేదు లెండి. ‘కొత్త పునాది’ అని రాశారు. మనిషిని బయటికి గెంటే పనికి కూడా మంచి పేరు వెతికి పెట్టడం కమిటీలకి పుట్టుకతో వచ్చిన విద్య. ఇరవై ఎనిమిది దాటిన ఆటగాళ్ళందర్నీ జూన్‌లో సాగనంపి, ఊరి పిల్లల్ని తీసుకుని, ఒకటి రెండేళ్ళు ఓడినా, చివరికి కింది డివిజన్‌కి పడినా ఓర్చుకుంటే, ఆరో ఏట చాంపియన్లం అవుతామన్నది కొత్త అధ్యక్షురాలు ఇన్సా లెక్క. వద్దనుకుంటే పాత జట్టుకే ఇంకో రెండేళ్ళు కాంట్రాక్టు. ఔనో కాదో సభ్యులే చెప్పాలి. మనిషికో ఓటు.

హిల్కెకి అరవై ఒకటి. ముప్ఫై ఏళ్ళు బేకరీలో రొట్టెలమ్మి, పోయిన ఏడాదే మానుకుంది. సొంతూళ్ళో జరిగిన ఆట ఒక్కటి కూడా వదల్లేదు. శనివారం రెండింటికల్లా మూడో వరసలో తన కుర్చీలో ఉండేది. గోలు పడితే పక్కవాళ్ళు లేచారు కాబట్టి తనూ లేచేది, వాళ్ళు కూర్చుంటే కూర్చునేది. సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. ఎప్పటినుంచి ఇలా అయిపోయిందో ఆవిడకే గుర్తులేదు. మెన్నో కింద పడినప్పుడు మాత్రం కళ్ళు అక్కడే నిలిచిపోయేవి. లేచాడా, కుంటుతున్నాడా, అంతే చూసేది. లేచాక మళ్ళీ ఏమీ ఉండేది కాదు.

వెనక వరసలో ఫోకో కూర్చుంటాడు. రిటైరైన పడవల మెకానిక్కు. గొంతేమో పడవ కూత. “లేవరా ముసలెద్దా! పచ్చగడ్డి మేస్తున్నావా అక్కడ?” అని ప్రతి ఆటలోనూ మెన్నోని ఏకుతాడు. ఆ వెంటనే ముందుకి వంగి, “నిన్ను కాదు హిల్కె, వాణ్ణి,” అంటాడు. వాడెవరి కొడుకో తెలియనట్టు! సగం ఆటయ్యాక ఆమెకి కాఫీ తెచ్చిచ్చేదీ ఆయనే. ఊరంటే ఇలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లో టీ తాగుతూ భర్త ఐలెర్ట్ తేల్చి చెప్పేశాడు. “నేను ఔననే చెయ్యెత్తుతా. ముందే చెబుతున్నా, తర్వాత నా మీద పడకు.”

“నీ కొడుకుని పొమ్మనడానికి చెయ్యెత్తుతావా?”

“వాణ్ణి కాదే, తొమ్మిదో స్థానాన్ని పొమ్మంటున్నా. మనం చాంపియన్లయిన ఏడు నాకు మూడేళ్ళు. నాన్న భుజాల మీద కూర్చుని చూశానట. చూశానని వాళ్ళు చెప్పడమే, నాకేం గుర్తుంది? చచ్చేలోగా ఒక్కసారి, నా కళ్ళతో నేను చూడొద్దూ?”

“నువ్వు చూడ్డానికి వాడు ఇంట్లో కూర్చోవాలన్నమాట.”

“ఎప్పటికైనా కూర్చోవలసిందేగా! ముప్ఫై నాలుగొచ్చాయి వాడికి.”

హిల్కె భయం వేరే. నౌకల కార్ఖానా మూతపడ్డాక ఆవిడ తమ్ముడు కిటికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదకొండేళ్ళు కూర్చున్నాడు. రోజూ గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని మరీ కూర్చునేవాడు. ఒకనాడు ఆ కుర్చీలోనే పోయాడు. మెన్నోకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. పొద్దుటి పూట టైల్స్ దుకాణంలో పని, మధ్యాహ్నం ప్రాక్టీసు, పైన రెండు గదుల వాటా. అందులోంచి ఫుట్‌బాల్ తీసేస్తే మిగిలేదల్లా కిటికీయే. కొడుకుని ఆ కిటికీ దగ్గరికి తన చేత్తో తోయలేదు ఆవిడ. చాంపియన్లయితే ఎంత, కాకపోతే ఎంత!

హాల్లో నాలుగొందల మంది పైనే ఉన్నారు. మెన్నో ఆటగాళ్ళతో కలిసి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇన్సా గోడ మీద బొమ్మలు వేసి చూపించింది. ఒక గీత ముందు కిందికి పోయి, తర్వాత నిటారుగా పైకి పోతోంది. కాగితం మీద గీతకేం, ఎంత దూరమైనా పోతుంది.

“గొర్రె తోక బెత్తెడన్నట్టు అరవయ్యేళ్ళుగా ఇలాగే ఉన్నాం,” అంది ఇన్సా. “ఒక్కసారి తెగించి చూద్దాం. కొండకి వెంట్రుక కట్టి లాగుదాం. వస్తే కొండ, పోతే వెంట్రుక!”

కుర్రాళ్ళు బల్లలు చరిచారు. ఆ వెంట్రుక పేరు మెన్నో అనుకుంది హిల్కె.

అప్పుడు లేచాడు ఫోకో. ఈయన ఔనంటాడనడంలో ఎవరికీ అనుమానం లేదు. పద్నాలుగేళ్ళుగా ముసలెద్దుని అమ్మెయ్యండి మొర్రో అని అరిచిన మనిషి కదా!

“నేను కాదంటున్నా,” అన్నాడు. హాలంతా గొల్లుమంది. “నవ్వండి, నవ్వండి. మెన్నోని నేను తిట్టినట్టు ఎవరూ తిట్టుండరు. తిట్టడానికైనా మనవాడుండాలి కదయ్యా! రేపొచ్చే పిల్లకాయల పేర్లేమిటో కూడా నాకు తెలీవు, వాళ్ళనేమని తిట్టను? ఆరేళ్ళ తర్వాత పండగట. అందాకా పస్తులట. ఆరేళ్ళకి నాకు ఎనభై మూడు. నాకీ తొమ్మిదో స్థానం చాలు. శనివారం రెండింటికి తొమ్మిదో స్థానం, ఆదివారం పాలకూర. అరగని వయసులో కొత్త వంటలెందుకు!”

ఇందాకటి కంటే గట్టిగా చరిచారు బల్లలు, ఈసారి ముసలివాళ్ళు.

చేతులెత్తమన్నారు. ఇద్దరు లెక్కపెట్టారు, ఇద్దరికీ వేర్వేరు లెక్కలొచ్చాయి. మళ్ళీ ఎత్తమన్నారు. మళ్ళీ అదే గొడవ. దాంతో ఇన్సా గొర్రెల లెక్క పెడదామంది. అందరూ బయటికి పోవాలి. ఔననే వాళ్ళు ఎడమ తలుపులోంచి, కాదనే వాళ్ళు కుడి తలుపులోంచి ఒక్కొక్కరే తిరిగి రావాలి. తలుపు దగ్గర మనిషి మందని లెక్కపెట్టినట్టు లెక్కపెడతాడు. ఎవరెటు నడిచారో ఊరంతా చూస్తుంది. చెయ్యెత్తి గుంపులో దాక్కున్నట్టు కాదు.

బయట వాన. పెద్ద వానేం కాదు, ఈ ఊరి వానే, పైనుంచి కాకుండా పక్కనుంచి కొట్టేది. మెన్నో సైకిళ్ళ షెడ్డు కింద ఒంటరిగా నిలబడ్డాడు. హిల్కె వెళ్ళి పక్కన నిలబడింది.

“నాన్న ఎడమవైపేగా?” అన్నాడు.

“ఊఁ. కోపం పెట్టుకోకు.”

“కోపం ఎందుకమ్మా. ఆయన ఓటు ఆయనిష్టం.”

“నీకేం కావాలిరా? నిజం చెప్పు.”

మెన్నో రెండు తలుపుల వైపూ చూశాడు. “నాకేముంది? ఎలా తేలితే అలా. నువ్వు తడుస్తున్నావు, లోపలికి పో.”

మగపిల్లాడు కదా, అభిమానం అడ్డొచ్చి నోరు తెరిచి అడగలేకపోతున్నాడనుకుంది ఆ పిచ్చితల్లి. అడక్కపోతే మాత్రం అమ్మకి తెలీదా! ఐలెర్ట్ ఎడమ వరసలో నిలబడి ఆమె వైపు చూడకుండా టోపీ సర్దుకుంటున్నాడు. హిల్కె కుడి తలుపులోంచి నడిచింది. లెక్కపెడుతున్న టీచరు, “నూట ముప్ఫై ఒకటి,” అన్నాడు. వెళ్ళి కుడి పక్క కుర్చీల్లో కూర్చుంది.

వరసలు పలచబడ్డాయి. ఇంక తలుపులు మూసేస్తారనగా అందరికంటే చివర మెన్నో వచ్చాడు. ఎడమ తలుపులోంచి.

అక్కడి టీచరమ్మ అంకె చెప్పడం మర్చిపోయి అతని మొహం చూసింది. “నన్నూ లెక్కపెట్టండి,” అన్నాడు మెన్నో. ఎవరో వెనకనుంచి, “చూశారా, కెప్టెనంటే వాడు! క్లబ్బు కోసం తన మెడ తనే వంచాడు,” అన్నారు. ఒకావిడ ముక్కు చీదుకుంది కూడా.

హిల్కె మాత్రం కొడుకు మొహమే చూస్తోంది. అందులో త్యాగమూ లేదు, గీగమూ లేదు. బడికి సెలవులిచ్చిన మొదటి పూట పిల్లల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మొహం ఆవిడ చూసి చాలా ఏళ్ళయింది. అతను హాలంతా వెతికి తల్లి ఏ పక్కన కూర్చుందో చూశాడు. చూసి తల దించుకున్నాడు.

ఇన్సా కాగితం చూసి చదివింది. “ఔనన్నవాళ్ళు రెండు వందల మూడు. కాదన్నవాళ్ళు రెండు వందల నాలుగు. ప్రతిపాదన వీగిపోయింది.”

కుడివైపు కేకలు, ఈలలు. ఐలెర్ట్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మెన్నో మొహంలో ఇందాక తెరుచుకున్నది మూసుకుపోయింది. ఆట డ్రా అయ్యాక ప్రేక్షకులకి చేతులూపే నవ్వొకటుంది అతనికి. అది తెచ్చిపెట్టుకున్నాడు.

సభ అయ్యాక బఠానీ సూప్. అందరికీ కెప్టెనే వడ్డించాలి, ఆ క్లబ్బు ఆచారం అది. మెన్నో పెద్ద డేగిసా ముందు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. కోట్లు తడిసిన జనం గిన్నెలు పట్టుకుని బారులు తీరారు. వచ్చిన ప్రతివాడూ అతని భుజం తట్టి ఒకటే మాట.

“ఒక్క ఓటుతో గట్టెక్కావురా! అది నాదే.”

“నాది గానీ లేకపోతే ఈపాటికి ఇంటికెళ్ళి మూట కట్టుకునేవాడివి!”

“థాంక్స్,” అంటున్నాడు మెన్నో, “థాంక్స్. సాసేజ్ వెయ్యనా?”

హిల్కె వంతు వచ్చింది. గిన్నె చాపింది.

“నీదేనా?” అన్నాడు చిన్నగా.

“నాదే.”

“అనుకున్నా.”

“ఇందాక అడిగాను కదరా! ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? నాలుగేళ్ళ కిందటే మానేద్దామనుకున్నా. కెప్టెను పారిపోయాడంటారని ఆగా. వాళ్ళే పొమ్మంటే పోవచ్చు కదా అని చూశా.”

“నాలుగేళ్ళా!”

“ఆపైన నువ్వు. ఎండనక వాననక వచ్చి కూర్చునేదానివి. నేను మానేస్తే శనివారాలు నువ్వేం చేసుకుంటావో అనిపించేది.”

హిల్కెకి ఏడవాలనిపించింది. అనిపించిందే తప్ప ఏడుపు రాలేదు. “నేనేం ఆట చూడ్డానికి వచ్చాననుకున్నావా? నువ్వు పడితే లేస్తావో లేదోనని వచ్చేదాన్ని. నాకు ఆ ఆటంటే ఏమీ లేదురా. ఏళ్ళయింది.”

మెన్నో గరిటె డేగిసాలోనే ఆగిపోయింది. “నాకూ అంతేనమ్మా,” అన్నాడు.

“ఏమ్మా హిల్కె, అక్కడే కాపురం పెడతావా?” వెనకనుంచి ఫోకో. “మెన్నో, ఆ ఓటు నాదిరా! గుర్తుపెట్టుకో!”

“పెట్టుకుంటా ఫోకో!” అని గట్టిగా అన్నాడు మెన్నో, ఆ నవ్వుతోనే.

“ఇప్పుడైనా చెప్పెయ్యరా,” అంది హిల్కె. గొంతు తగ్గించడం కూడా మర్చిపోయింది. “నీకు పుణ్యముంటుంది, వెళ్ళిపోతానని చెప్పెయ్యి.”

అతను ఆమె భుజం మీదుగా బారు వైపు చూశాడు. జనం గిన్నెలెత్తి అతనికేసి ఊపారు. “ఇంతమంది వానలో నిలబడి నన్ను ఉంచుకున్నారమ్మా. ఏ మొహం పెట్టుకుని చెప్పను?” గిన్నెలో సూప్ పోసి, సాసేజ్ ముక్కలు రెండు ఎక్కువే వేశాడు. “రెండేళ్ళేగా. నువ్వు మాత్రం రాకు. ఇంట్లో వెచ్చగా ఉండు.”

“వస్తాను,” అంది హిల్కె, వెనకవాళ్ళకి దారిచ్చి పక్కకి జరుగుతూ.