కార్డులో మొదటి పేరు

సీట్లక్క చేతిలో సూది ఉన్నప్పుడు ఆవిడతో వాదించకూడదని ఆ వీధిలో అందరికీ తెలుసు. సూది లేనప్పుడు వాదించి గెలిచినవాళ్ళూ ఎవరూ లేరు, అది వేరే సంగతి. చిరిగిన సోఫా, కుంగిన కుర్చీ, వ్యాను సీటు, పళ్ళ డాక్టరు గారి వాలు కుర్చీ, ఏదైనా సరే ఆవిడ కొట్లోకి ముసలిదై వెళ్ళి పడుచుదై బయటికి వచ్చేది. ఇరవై ఏళ్ళుగా ఆ కొట్టు ఆవిడదే. పొద్దున ఎప్పుడు తలుపు తీయాలో, ఎవరి పని ఒప్పుకోవాలో, ఎవరిని వెనక్కి పంపాలో అంతా ఆవిడ ఇష్టం.

ఇంత దర్జా వెనక ఒక మనిషి మౌనం ఉంది. ఆ మనిషి ఆవిడ మొగుడు.

కూతురికి ఐదేళ్ళప్పుడు షుగరు జబ్బు బయటపడింది. పెద్దవాళ్ళకు వచ్చే రకం కాదు, రోజూ ఇన్సులిన్ పడకపోతే ప్రాణం మీదికి వచ్చే రకం. ఆరోగ్య బీమా కోసం తిరిగితే ప్రతి ఆఫీసులోనూ మొదట నవ్వుతూ కూర్చోమనేవారు. ముందే ఉన్న జబ్బు అనగానే గడియారం వైపు చూసేవారు. పెద్ద సంస్థలో నెల జీతానికి చేరితే మాత్రం, ఏ ప్రశ్నా వేయకుండా ఇంటిల్లిపాదికీ కలిపి ఒక కార్డు ఇస్తారు. అప్పటికి ఆవిడ మొగుడు కుర్చీలు చేసే వడ్రంగి. చిత్రిక పడుతూ ఈల వేసేవాడు, ఆ ఈల విని పక్కింటివాళ్ళు టైము చెప్పుకునేవారు. అతను ఉలి, సుత్తి పెట్టెలో పెట్టేసి, బేరింగులు చేసే ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తాగా చేరాడు.

"రెండేళ్ళు చూద్దాం" అన్నాడు చేరిన రోజు.

పదకొండేళ్ళయింది. స్టోర్సు మేనేజరు అతని కంటే పన్నెండేళ్ళు చిన్న. "ఏయ్ స్టోర్సూ" అని పిలుస్తాడు. పిలిచిన ప్రతిసారీ ఇతను లేచి నిలబడతాడు. మొదట్లో ఇంటికొచ్చి ఆ సంగతులు చెప్పి తిట్టుకునేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఈల ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. సీట్లక్క కూడా గమనించలేదు, ఆ మాట తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ సిగ్గే.

ఒక సాయంత్రం కూతురు బడి నుంచి ఒక ఫారం తెచ్చి, సంతకం పెట్టమని తల్లి ముందు పెట్టింది. పదహారేళ్ళ పిల్ల, మాటకు మాట అప్పచెప్పడంలో తల్లిని మించింది. ఫారంలో ఒకటే ప్రశ్న: చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావు? దానికింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "ఏదైనా పరవాలేదు. కార్డు ఇచ్చే ఉద్యోగం అయితే చాలు."

సీట్లక్క రెండుసార్లు చదివింది.

"ఇదేంటే?"

"ఏముందమ్మా, నిజమే కదా. నాకు జీవితాంతం ఇన్సులిన్ కావాలి. నాన్నకి ఉద్యోగం ఉన్నన్నాళ్ళు సరే. తర్వాత నాది నేనే చూసుకోవాలిగా."

"మొన్నటిదాకా మ్యాపులు గీస్తానన్నావు. అంతకుముందు పక్షుల మీద చదువుతానన్నావు."

"పక్షులు కార్డు ఇవ్వవమ్మా" అని నవ్వింది పిల్ల. తర్వాత నవ్వు ఆపి, "నా వల్ల నాన్న ఒక్కడు ఇష్టంలేని ఉద్యోగంలో ఇరుక్కున్నాడు చాలు. ఇంకొకళ్ళని ఇరికించను" అంది.

గోడవైపు తిరిగి చొక్కా విప్పుకుంటున్న మొగుడి వీపు అక్కడే ఆగిపోయింది. అతను విన్నాడు. సీట్లక్క ఫారం మీద సంతకం పెట్టలేదు. ఆవిడకు కోపం వచ్చింది. మొగుడి మీద కాదు, పిల్ల మీద అంతకన్నా కాదు. ఇల్లంతా ఒక అట్టముక్క చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంటే, తను మాత్రం కొట్లో మహారాణిలా కూర్చున్నందుకు తన మీదే వచ్చింది.

మర్నాడు పొద్దున మొగుడు టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే చెప్పేసింది.

"బస్సు డిపోలో సీట్లు కుట్టే సెక్షనుకి మనిషిని తీసుకుంటున్నారట. నలభై ఐదు లోపు వయసుండాలి. నాకింకా నాలుగు నెలలుంది. నేను వెళ్తున్నా."

"నువ్వా? ఉద్యోగానికా?" అతను డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఒకళ్ళ కింద నువ్వు ఒక్క పూట ఉండగలవా? నేను మింగిన చేదు నువ్వూ మింగడమెందుకే? నాకు అలవాటైపోయింది."

"అదే నా బాధండీ. మీకు అలవాటైపోయింది. మీ వంతు అయింది, ఇక నా వంతు."

"కొట్టో?"

"కొట్టు సంగతి నేను చూసుకుంటా. మీరు మాత్రం కార్డు నా చేతికి వచ్చేదాకా ఆ మేనేజరుకి నమస్కారాలు పెడుతూ ఉండండి. ఏరు దాటకముందే తెప్ప తగలెయ్యకండి."

డిపోలో ఆ సెక్షను ఒక పొడవాటి రేకుల షెడ్డు. ఒక పక్క కుట్టు మిషన్లు, ఇంకో పక్క చిరిగిన సీట్ల గుట్ట. సూపర్‌వైజరు చేతిలో ఎప్పుడూ ఒక అట్ట ఉంటుంది, ఎందుకో ఆయనకే తెలియదు. పరీక్షకు వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒక్కొక్కరికి ఒక సీటు చట్రం, ఫోము, రెక్సిన్, పైనుంచి వచ్చిన కొలతల కాగితం ఇచ్చి, మధ్యాహ్నం లోపు కుట్టమన్నారు.

సీట్లక్క కాగితం చూసింది. తర్వాత లేచి వెళ్ళి చిరిగిన సీట్ల గుట్ట చూసింది. ఒక్కొక్కటే తిప్పింది. అన్నీ ఒకే చోట చిరిగాయి, మనిషి మోకాళ్ళు ఆనే ముందు అంచున. కాగితం ప్రకారం కుట్టు సరిగ్గా ఆ అంచు మీదే వస్తుంది. జనం లేచిన ప్రతిసారీ ఆ కుట్టునే రాసుకుంటూ లేస్తారు. దారం ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది?

వెనక్కొచ్చి కూర్చుంది కానీ సూది ఎత్తలేదు. కాగితంలో ఉన్నట్టు కుట్టడం ఆవిడకు ఎడమచేతి పని. కుట్టేసి నోరు మూసుకుంటే ఉద్యోగం దాదాపు ఖాయం, మిగతా ఇద్దరి చేతులు చూస్తేనే తెలుస్తోంది. తన పద్ధతిలో కుడితే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం సూపర్‌వైజరు ఇంటికి పంపేయవచ్చు. నాలుగు నెలలు దాటితే మళ్ళీ ఈ తలుపు తెరుచుకోదు. ఇంట్లో మొగుడు ఇంకో పదేళ్ళు లేచి నిలబడుతూనే ఉంటాడు.

కానీ కార్డు కోసం మొదటి రోజే నోరు మూసుకుంటే, ఆ ఫారంలో మాట కూతురు రాసినట్టు కాదు, తనే దాని చేయి పట్టుకుని రాయించినట్టు. సీట్లక్క కత్తెర తీసుకుంది. పై ముక్కను నాలుగు వేళ్ళు ఎక్కువగా కత్తిరించి, అంచు మీదుగా కిందికి మడిచి, కుట్టును సీటు అడుగుకు దించేసింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి వేలితో అంచు తడిమాడు.

"కుట్టేదమ్మా?"

"కింద ఉంది సార్."

"కాగితంలో పైన ఉంది కదా?"

"కాగితం మీద ఎవరూ కూర్చోరు సార్."

పక్క మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సూపర్‌వైజరు మొహం ఎర్రబడింది. "ఇవి పైవాళ్ళు ఇచ్చిన కొలతలమ్మా. నీకూ నాకూ మార్చే హక్కు లేదు. పరీక్ష పోయినట్టే."

"పోతే పోనివ్వండి. పోయేముందు మీ డిపోలో అందరికంటే బరువైన మనిషిని పిలవండి. మీ సీటు మీదొకసారి, నా సీటు మీదొకసారి కూర్చోబెట్టండి. నాది ముందు పిగిలితే నేనే కొత్త కవరు కుట్టిచ్చి వెళ్తాను."

బరువైన మనిషి ఎవరో అక్కడ ఎవరినీ అడగనక్కర్లేదు. రోడ్డురోలరు అని పిలిచే డ్రైవరు భోజనం మధ్యలో చేతులు కడుక్కుని వచ్చాడు. వెనక జేబులో తాళాల గుత్తి ఉంది. తీయబోతే, "ఉంచండన్నా, జనం జేబులు ఖాళీ చేసుకుని బస్సెక్కరు కదా" అంది సీట్లక్క. అతను కూర్చోవడం, అంచు మీదుగా జారి లేవడం, మళ్ళీ కూర్చోవడం. షెడ్డులో ఉన్నవాళ్ళంతా పని వదిలేసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మధ్యలో రెండు టీలు తాగాడు. నూట ఇరవై దాటాక కాగితం ప్రకారం కుట్టిన సీటు అంచున కుట్లు విడిపోయి తెల్లటి ఫోము తొంగిచూసింది. సీట్లక్క సీటు మీద రెండువందలు పూర్తిచేసి, చెమట తుడుచుకుంటూ "అక్కా, ఇక నావల్ల కాదు, సీటే గెలిచింది" అన్నాడు రోడ్డురోలరు.

సూపర్‌వైజరు వంగి ఆ చిరుగులో వేలు పెట్టి చూశాడు. చెడ్డవాడు కాదు పాపం, ఆ గుట్ట ఎందుకు తరగడం లేదని పైవాళ్ళ చేత ఏళ్ళ తరబడి తిట్లు తింటున్నవాడు.

"పైవాళ్ళకి నేను చెప్పుకుంటానమ్మా" అన్నాడు చివరికి. "సోమవారం చేరు. జీతం ఎంతో అడగవా?"

"జీతం మీ నోటీసులో ఉంది సార్. కార్డు ఎప్పటినుంచి?"

"మూడు నెలల తర్వాత."

"వారానికి నాలుగు రోజులు చేసినవాళ్ళకీ కార్డు ఉంటుందని అందులోనే రాశారు. నాకు నాలుగు రోజులే కావాలి. మిగతా రోజులు నా కొట్టు నాకుంది."

"నీతో గొడవెందుకమ్మా" అన్నాడు ఆయన, మొదటిసారి నవ్వుతూ. అడగందే అమ్మయినా పెట్టదంటారు. సీట్లక్క అడగడం దగ్గర ఎప్పుడూ మొహమాటపడలేదు.

ఆ మూడు నెలలూ మొగుడు స్టోర్సుకు వెళ్తూనే ఉన్నాడు. "ఏయ్ స్టోర్సూ" అన్నప్పుడు ఇంకా లేచేవాడు, కానీ మునుపటికన్నా కొంచెం నెమ్మదిగా.

కార్డు ఒక శనివారం చేతికి వచ్చింది. కూతురు లాక్కుని పైకి చదివింది. మొదటి పేరు అమ్మది. దానికింద చిన్న అక్షరాలతో 'ఆధారపడినవారు' అని, రెండు పేర్లు. ఒకటి నాన్నది, ఒకటి తనది.

తండ్రి ఆ కార్డు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. తన పేరు మీద బొటనవేలు పెట్టి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని తల్లీకూతుళ్ళు కంగారుపడ్డారు. తిరిగి చూసేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"పదకొండేళ్ళు మీ ఇద్దరూ నా మీద ఆధారపడ్డారని నా కార్డులో రాసి ఉండేది. నేనూ ఒకళ్ళ మీద ఆధారపడొచ్చని నాకు తోచనే లేదు" అన్నాడు. "ఎంత హాయిగా ఉందే!"

సోమవారం రాజీనామా ఇచ్చి వచ్చాడు. మేనేజరు "ఏయ్ స్టోర్సూ, ఏమైంది?" అన్నాడట. కుర్చీలోంచి లేవకుండానే కాగితం చేతికిచ్చాడట. అది చెబుతూ రెండుసార్లు నటించి చూపించాడు. తర్వాత అటకమీది పెట్టె దించి, ఉలికి పట్టిన తుప్పు రుద్దుకుంటూ కొట్లో కూర్చున్నాడు.

బడి వాళ్ళు ఏడాదికి రెండుసార్లు అదే ఫారం ఇస్తారు. ఈసారి కూతురు దాన్ని కొట్టుకే తెచ్చింది. సీట్లక్క చేతిలో సూది ఉంది. సూదిని పరుపుకు గుచ్చి ఫారం అందుకుంది. చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావు? కింద అవే గుండ్రటి అక్షరాలు: "ఇంకా తేల్చుకోలేదు."

ఆవిడకు అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఏంటమ్మా, తప్పు రాశానా?" అంది పిల్ల కంగారుగా. "మ్యాపులు కూడా ఉన్నాయి, పక్షులు కూడా ఉన్నాయి. మొన్న ఇంకోటి కూడా అనిపించింది..."

"తప్పేం లేదే. పదహారేళ్ళకి రాయాల్సింది ఇదే" అని సంతకం పెట్టింది సీట్లక్క. లోపల మొగుడు చిత్రిక పడుతున్నాడు, ఈల వినిపిస్తోంది.