మెడపట్టీ లోపలి గుడ్డ

"వెండి పట్టీ అంటే వెండి పట్టీయే. వాళ్లకి మాటిచ్చాం," అంది ఫ్రూమెట్ మూడోసారి. ప్రార్థనలో కప్పుకునే తాలిస్ శాలువా కోసం బల్ల మీద పరిచిన తెల్ల ఉన్ని బట్టలో కత్తెర ఆగకుండా నడుస్తూనే ఉంది.

"నువ్విచ్చావు. నేనివ్వలేదు," అంది పెళ్ళికూతురు పెరెల్ గుమ్మానికి ఆనుకుని.

"పెళ్ళికొడుకు తాలిస్ మెడకి మీ నాన్న పాత పట్టీ వేసి పంపిస్తే వాళ్లమ్మ ఏమనుకుంటుంది? ఊళ్లో అందరికీ తాలిస్‌లు కుట్టే మనిషి, సొంత అల్లుడి దగ్గరికి వచ్చేసరికి పాత గుడ్డలు వెతుక్కుందంటుంది."

"అననీ. పెళ్ళి పందిట్లో ఎలాగూ నాన్న ఉండడు. మర్నాడు పొద్దున్నుంచీ నూఖెమ్ ప్రార్థనకి కప్పుకునేది ఆ తాలిసే కదా. అందులోనైనా ఉండనీయమ్మా."

ఫ్రూమెట్ కత్తెర పక్కన పెట్టింది.

వంటింట్లోంచి హిండె గొంతు వినిపించింది. "మీ ఇద్దరి గొడవా వింటూ క్యారెట్లలో పంచదార రెండుసార్లు వేశాను. రేపు రాత్రి అందరి పళ్లూ పుచ్చితే నన్నడక్కండి!"

హిండె ఆ ఇంటి పెద్ద ఆడపడుచు. డెబ్భై దాటాయి. భర్త పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి ఇంట్లోనే ఉంది. తమ్ముడూ పోయాక అక్కడే ఉండిపోయింది.

"అత్తా, నువ్వు చెప్పవే అమ్మకి," అంది పెరెల్.

"మీ అమ్మకి చెప్పగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు. వాడూ చెప్పేవాడు కాదు. సరేనని టోపీ పెట్టుకుని బయటికి పోయేవాడు."

పెరెల్‌కి నవ్వు రాలేదు. "ఆ పట్టీ చివికిపోయిందంటావు. ఏదీ, ఒక్కసారి చూపించు. నిజంగా చివికిపోయి ఉంటే ఇంక నోరెత్తను," అంది. తను పనిచేసే బడికి వేళ కావడంతో కోటు వేసుకుని, మంచు పట్టిన ఇనుప మెట్ల మీద దడదడా దిగిపోయింది.

చూపించడానికి ఫ్రూమెట్ తనే ఇంకా చూడలేదు. ఆ సంగతి కూతురికి తెలియదు.

ఫ్రూమెట్ భర్త అన్షెల్ పోయి మూడేళ్లయింది. అతన్ని సాగనంపడానికి స్నానం చేయించిన పెద్దమనుషులు, పద్ధతి ప్రకారం అతని తాలిస్ కుచ్చుల్లో ఒకటి కత్తిరించారు. మెడ దగ్గరి పట్టు పట్టీ విప్పేశారు. పోయేవాడి వెంట అలంకారాలు వెళ్లవు. పెళ్ళప్పుడు ఆమె కుట్టిన తెల్లని పొడుగు అంగీ, కిట్టెల్ తొడిగి, ఆ తాలిస్‌లోనే చుట్టి తీసుకుపోయారు. పట్టీని గోధుమరంగు కవరులో పెట్టి కొడుకు లీపా చేతికిచ్చారు. లీపా తెచ్చి తల్లికిచ్చాడు. ఆమె దాన్ని మిషను సొరుగులో, దారపు ఉండల కింద పెట్టి మూసేసింది.

ఆ తరవాత ఆ సొరుగు రోజుకి ఇరవైసార్లు తెరిచింది. కవరు మాత్రం తెరవలేదు. అందులో అతని ముక్కుపొడుం వాసన ఉంటుందని ఆమె నమ్మకం. పనులన్నీ మానే సబ్బాతు పూట ప్రార్థనమందిరంలో పొడుం డబ్బా వరస మొత్తం తిరిగి వచ్చేది. అన్షెల్ పీల్చి తుమ్మి, మెడ తుడుచుకునేవాడు. ఆ వాసన పట్టీకి పట్టి ఇంటికొచ్చేది. కవరు తెరిస్తే వాసన పోతుందేమోనని ఒక భయం. తెరిచాక అసలు లేకపోతేనో అని ఇంకో భయం. అందుకే అల్లుడికి వెండి పట్టీ అనీ, పట్టు చివికిందనీ, వియ్యపురాలికి మాటిచ్చాననీ ఈ సాకులు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన కిట్టెల్ కొలతలివ్వడానికి వచ్చాడు. కిందటేటికీ ఈ ఏటికీ రెండంగుళాలు కుంగిపోయాడు. "కింద అంచు మడిచి కుట్టమ్మా, కత్తిరించకు. పైకి పోయాక మళ్లీ పొడుగవుతానేమో," అని నవ్వించి వెళ్లాడు. ఆయన వెళ్లాక గదిలో గోడగడియారం చప్పుడు ఒక్కటే మిగిలింది. వానా మంచూ కలిసి కిటికీకి కొడుతున్నాయి.

ఫ్రూమెట్ సొరుగు లాగింది. కవరు తీసి, కత్తెర మొనతో అంచు చీల్చింది. కళ్లు మూసుకుని ముఖం దగ్గరికి తెచ్చుకుంది.

కాగితం వాసన. కాస్త జిగురు వాసన. అంతే.

తరవాత పట్టీని బయటికి తీసింది. మీగడరంగు పట్టు మీద ద్రాక్షగుత్తులు. పందొమ్మిదేళ్లప్పుడు, నిశ్చితార్థానికీ పెళ్ళికీ నడుమ కుట్టింది. మెడ తగిలేచోట పసుపు తిరిగింది కానీ చివికిపోలేదు. చూస్తే ఇంకో ముప్ఫై ఏళ్లు నడిచేలా ఉంది.

చేతికొచ్చిన ఏ బట్టనైనా రెండు వేళ్ల మధ్య నలిపి చూడటం ఆమెకి అలవాటు. ఉన్నిలో అవిసెనార లినెన్ పోగు ఒక్కటీ కలవకూడదు. కలిస్తే ఆ బట్ట ఒంటిమీద వేసుకోవడమే శాస్త్రంలో నిషేధం. కుట్టిన ప్రతిదీ పరీక్ష చేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి రావలసిందే. ఇప్పుడూ వేళ్లు వాటంతటవే నలిపాయి. నలుపుతుండగా ఆమెకి జ్ఞాపకం వచ్చింది.

అప్పట్లో ఆమెకి కుట్టుపని సరిగా రాదు. పట్టు నిలబడాలంటే వెనక ఇంకో గుడ్డ వెయ్యాలని ఎవరో చెబితే, పెట్టెలో అడుగున ఉన్న అమ్మమ్మ బల్లగుడ్డ అంచు కత్తిరించి వేసింది. గంజి పెట్టినట్టు బిరుసైన తెల్లగుడ్డ.

లినెన్.

ఉన్ని తాలిస్ మీద లినెన్ వేసి కుట్టింది. పెళ్ళైన మర్నాటి నుంచీ అదే కప్పుకుని అతను దేవుడి ముందు నిలబడ్డాడు. ఉపవాసపు రోజున పొద్దుగూకేదాకా. పిల్లలకి జ్వరాలొస్తే వాళ్లకోసం. ఆ ప్రార్థనలన్నీ ఏమైనట్టు? ఊరందరి పోగులూ వెతికి పెట్టే తను!

పట్టీని తిరగేసింది.

వెనక ఉన్నది లినెన్ కాదు. మెత్తటి తెల్ల నూలుగుడ్డ. ఉతికి ఉతికి పలచబడ్డ మగవాళ్ల చొక్కా గుడ్డ. ఒక చివర బొత్తాం కన్నం కూడా అలాగే ఉంది. దాని చుట్టూ పళ్లంతేసి కుట్లు. ఒకటి పైకి, ఒకటి కిందకి, మూడు ఒకదాని మీద ఒకటి. చోటుచోటా చిన్న గోధుమరంగు చుక్కలు.

"వదినా!" అంది. ఆ గొంతు తనది కానట్టే వినిపించింది.

హిండె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. బల్ల మీద ఉన్నది చూసి ఆగిపోయింది. కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది.

"మూడేళ్లు పట్టిందన్నమాట నీకు," అంది.

"నీకు తెలుసా?"

"సూదిలో దారం ఎక్కించింది ఎవరనుకున్నావు? వాడికి కన్నం ఎక్కడుందో కనబడితేగా." హిండె ఆ కుట్లకేసి చూస్తూ తల ఊపింది. "పదిహేనేళ్ల పైమాట. నీ మూటలు పరీక్షకి మోసుకెళ్లేవాడు కదా, ఓ రోజు ఆ ముసలాయన వీడి తాలిస్ అంచు కూడా పట్టుకుని నలిపాడట. వెనక ఏముందో చూడమన్నాడట. మొహం పాలిపోయి ఇంటికొచ్చాడు. నువ్వు బజారుకెళ్లావు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అప్పుడే కదే ఈ పని మొదలుపెట్టావు! బోర్డు రంగు కూడా ఆరలేదు. 'అక్కా, ఇది దానికి తెలిస్తే ఇంక సూది ముట్టుకోదు,' అన్నాడు. నన్ను కుట్టమన్నా కుట్టేదాన్ని. వద్దన్నాడు. తన చొక్కా ఒకటి చింపుకున్నాడు. ఆ తరవాత నువ్వు ఊళ్లో లేని రెండు రోజులూ వంటింట్లో కూర్చుని కుట్టాడు. వేళ్లన్నీ పొడుచుకున్నాడు. ఇంటికొచ్చి ఆ కట్లేంటని అడిగావు."

"హెర్రింగ్ చేపల డబ్బా కోసుకుందన్నాడు," అంది ఫ్రూమెట్.

"ఐదు వేళ్లకీ!"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి ఆమెకి. పట్టీ కింది అంచున వంకర కుట్లు తాలిస్ మీద బయటికి కనబడేవి. అవి తన చిన్నప్పటి చేతకానితనం అనుకునేది. ప్రతి ఏడూ ఉపవాసానికి ముందు, "సిగ్గుచేటు, ఇలా ఇవ్వండి, సరిచేస్తాను," అనేది. అతను తాలిస్ మడిచి చంకలో పెట్టుకునేవాడు. "ఇది పందొమ్మిదేళ్ల పిల్ల కుట్టింది. ఆ పిల్ల వచ్చి అడిగితే ఇస్తాను," అనేవాడు. మొండిమనిషి అని విసుక్కునేది.

ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పి ఉంటే ఆ పొడుచుకున్న వేళ్లు ఒక్కసారి పట్టుకుని చూసేది. ఇప్పుడు పట్టుకోవడానికి ఈ కుట్లే ఉన్నాయి. వాటి మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి నడిపింది.

"నా గుడ్డ ఏం చేశాడు? పారేశాడా?"

"మీ అమ్మమ్మ బల్లగుడ్డని పారేస్తాడా!" హిండె మోకాళ్లు పట్టుకుని లేచింది. "ప్రతి శుక్రవారం నీ బల్ల మీదికొస్తోంది. రేపు కళ్లు తెరుచుకుని చూడు."

మర్నాడు శుక్రవారం, పొద్దుగూకేముందే సబ్బాతు దీపాలు వెలిగాయి. లీపా, అతని భార్య జీస్ల్ వచ్చారు. ద్రాక్షరసం మీద ప్రార్థన అయింది. అందరూ చేతులు కడుక్కున్నారు. చేతులు కడుక్కుని రొట్టె ముక్క నోట్లో పడేదాకా ఎవరూ మాట్లాడకూడదు. బల్ల చుట్టూ ఐదుగురూ మౌనంగా కూర్చున్నారు.

లీపా రొట్టెల మీది ముసుగు తీసి, కత్తి అందుకున్నాడు. కత్తికి ఎప్పటిలాగే ఒక తెల్ల పీలిక చుట్టి ఉంది. అన్షెల్ ఉన్నన్నాళ్లూ దాన్ని అతనే విప్పేవాడు, అతనే మళ్లీ చుట్టేవాడు. ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. రొట్టె కోసేవాడి మర్యాద అనుకునేది ఫ్రూమెట్. లీపా దాన్ని విప్పి తల్లి కంచం పక్కన పడేశాడు. జానెడు వెడల్పు లేని పొడుగాటి గుడ్డ. బిరుసుగా ఉంది. ఒక అంచున అమ్మమ్మ అల్లిన సన్నటి జాలీ.

ఫ్రూమెట్ దాన్ని చేతిలోకి తీసుకుంది. నోరు తెరవడానికి లేదు. ఎదురుగా పెరెల్ తల దించుకుని కూర్చుంది. రెండు రోజులుగా తల్లితో ముభావంగానే ఉంది. ఆ పిల్ల మెడ వంచడం అచ్చం తండ్రిలాగే ఉంటుంది. దానికీ చెప్పుకోలేని బెంగే. అది మాత్రం నాన్నని ఎక్కడ వెతుక్కుంటుంది పాపం?

లీపా రొట్టె కోశాడు. ఉప్పులో అద్ది అందరికీ పంచాడు. ఫ్రూమెట్ తన ముక్క నమిలి మింగింది.

"నూఖెమ్ తాలిస్‌కి మీ నాన్న పట్టీయే," అంది.

పెరెల్ తలెత్తింది. లీపా, "వాళ్లకి వెండి పట్టీ అని..." అనబోయాడు.

"వాళ్లమ్మకి నేను చెప్పుకుంటాను."

"సబ్బాతు పూట పని మాటలేమిటే?" అంది హిండె, కళ్లు తుడుచుకుంటూనే.

"పని మాట కాదు వదినా, ఇంటి మాట." ఫ్రూమెట్ కూతురికేసి తిరిగింది. "దాని వెనక ఉన్నది మీ నాన్న చొక్కా. ఆ కుట్లు మీ నాన్నవి. వంకరగా ఉన్నాయని ఎవరైనా నవ్వితే నవ్వనీ. వాటిని నేను విప్పను. నువ్వూ విప్పకు."

పెరెల్ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. కత్తిని మళ్లీ చుట్టడానికి లీపా పీలిక కోసం చెయ్యి చాపాడు. ఫ్రూమెట్ దాన్ని నాలుగు మడతలు పెట్టి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇది మాత్రం నాది," అంది. "కత్తికి ఇంకో గుడ్డ చూసుకోండి."