ఇంటికి రాని ఉత్తరాలు

"ఇక్కడ సంతకం పెట్టు రోసీ. బీమా కాగితం, చదవడానికేం లేదులే," అన్నాడు ఎగోన్. నేను చీజ్ ముద్దల మీదకి వెన్నలో ఉల్లిపాయలు వేయిస్తున్నాను. చేతులు తుడుచుకోనివ్వలేదు. "మొగుడు బ్యాంకులో ఆఫీసరైతే పెళ్ళానికి చదివే పనేముంది," అని అత్తగారు మురిసిపోయింది. మా చిన్న రాజ్యానికి రాజధాని ఈ వాడూజ్. ఇక్కడ ఆడవాళ్ళకు ఓటివ్వాలా వద్దా అని మగవాళ్ళే ఓట్లేసి, చివరికి ఇద్దామని తేల్చారు. ఆవిడ దృష్టిలో ఇక మాకు అడగడానికేమీ మిగల్లేదు.

నాదీ ఆ బ్యాంకే. దొరల్లాంటి ఖాతాదారులకు కాఫీ ఇవ్వడం, ఉత్తరాల గది చూడడం నా పని. మా ఖాతాదారుల ఉత్తరాలు ఇళ్ళకు వెళ్ళవు, పేరు లేకుండా నంబరు మాత్రమే ఉన్న ఫైళ్ళలో పడుంటాయి. ఏడాదికోసారి వాళ్ళే వచ్చి చదువుకుని, చింపేయమని చెప్పి పోతారు. "ఇంటికొస్తే మా ఆవిడ చూస్తుందమ్మా," అని నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

మొన్న సోమవారం ఎగోన్ దగ్గర్నుంచి కొత్త ఫైలొచ్చింది. అందులో కవరు పెట్టబోతే సంతకం నమూనా కార్డు జారిపడింది. సంతకం నాది. మూలన నా బొటనవేలంత వెన్న మరక. అంటే కాగితాల మీద ఆ ఖాతాదారు నేనే. ఎవరి సొమ్ముకు నన్ను అడ్డుపెట్టాడు? రేపు పోలీసులొస్తే ఎవరిని పట్టుకుపోతారు? వారమంతా అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూ జేబులు తడిమాను. "ఏంటి రోసీ, ఒంట్లో బాలేదా?" అంటే ఆ ప్రేమనూ అనుమానించాను. అందుకు మాత్రం ఏడుపొచ్చింది. కవరు విప్పడం ఎంతసేపు? కానీ ఉద్యోగులు విప్పకూడదు, ఖాతాదారే స్వయంగా రావాలి. ఆ నియమం నేర్పింది ఎగోనే.

ఈరోజు సెలవు పెట్టి, పెళ్ళిళ్ళకేసుకునే కోటు తొడుక్కుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చాను. కాగితం మీద ఆ ఫైలు నంబరు రాసిచ్చాను. నంబరు ఇచ్చినవాళ్ళ పేరు ఎత్తకూడదు కాబట్టి, కౌంటరులో ఉన్న ఆవిడ నన్ను గుర్తుపట్టి కూడా, ఫోనులో ఆ ఖాతా చూసే ఆఫీసరుకు నంబరు మాత్రం చెప్పి, నన్ను దొరల గదిలో కూర్చోబెట్టింది.

తలుపు తెరుచుకుంది. ఎగోన్ చేతిలో ఫైలు, ముఖాన ఇంట్లో నేనెప్పుడూ చూడని నవ్వు.

"ఈ నెల్లోనే వస్తారనుకోలేదు సార్..." అంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు.

ఆ సొమ్ము ఏ సారుదో ఇక నేను అడగక్కర్లేదు, ఉత్తరాలే చెబుతాయి.

"ఫైలు ఇక్కడ పెట్టి కాఫీ తీసుకురా ఎగోన్," అన్నాను. "నిదానంగా చదువుతాను. చింపాల్సిన పని లేదు, ఇవి ఇంటికే తీసుకెళ్తాను."