కలవని గీత

అక్క పోయిన రోజున బాబాయి ఏడ్చి, ముఖం కడుక్కుని, నేరుగా ఆమె చివరి బొమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. గుడ్డ మీద బుట్ట నెత్తికెత్తుకుంటున్న మనిషి. నల్లగీత మెడ నుంచి దిగి భుజం దగ్గర ఆగిపోయింది. మోచేతి దగ్గర మళ్లీ మొదలైంది. మధ్యలో ఎర్రరంగు గట్టు తెగిన నీళ్లలా బయటికి వచ్చేసింది.

మా ఇంటి బొమ్మల పనిలో గీత ఎక్కడా తెగకుండా కలవాలి. అక్కకు కుంచె పట్టడం నేర్పింది బాబాయే. ఆమె గీతలు ఆపడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇద్దరికీ రోజూ గొడవే.

"తలుపు వేయడం మరిచిపోయావే," అనేవాడు ఆయన.

"తలుపేస్తే చెయ్యి ఎలా లేస్తుంది బాబాయ్? కదిలే చోట గీత ఆపుతా. నీ బొమ్మలన్నీ ఫొటోకి నిలబడ్డ పెళ్లివాళ్లే," అనేది అక్క.

ప్రదర్శనశాల వాళ్లు బొమ్మను తీసుకెళ్లే రోజు ఉదయం ఆయన నలుపు నూరుకుని వచ్చాడు. బొమ్మ ముందు నేనున్నాను.

"తప్పుకో టీచరమ్మా. సగంలో పోయింది పిచ్చిది. నేను కలిపేస్తా. లేకపోతే పదిమందీ నవ్వుతారు."

"నవ్వనీ."

"దాని పరువు కోసమేనే."

"అక్క పరువు అక్కే చూసుకుంది."

మొదలుపెట్టిన పని పూర్తి చేయమని బడిలో పిల్లలకు రోజూ చెప్పేదాన్ని నేను. అయినా గుడ్డకూ ఆయనకూ మధ్యే నిలబడ్డాను. కదల్లేదు.

"భుజం దగ్గర వేలు పెట్టి చూడు బాబాయ్."

విసుక్కుంటూనే ఆనించాడు. అక్కడ గుడ్డ నూగు లేచి గరుగ్గా ఉంది. బొగ్గుగీతను రుద్ది తీసేసిన చోటు. అలా తీయడం కూడా ఆమెకు ఆయనే నేర్పాడు.

"గీసి తుడిచింది," అన్నాడు.

"తుడిచాకే రంగు వేసింది."

ఆయన వేలు భుజం నుంచి మోచేతి దాకా గీత లేని దారి వెంట జరిగింది.

"అయినా తప్పే."

"తప్పే అనుకో. అది అక్క తప్పు. నువ్వు ముట్టుకోవద్దు."

కుంచె దించాడు గాని వెళ్లలేదు. వంగి బొమ్మ అడుగున చూపించాడు. "మరి ఈ పాదం? గీత ఉంది, రంగు లేదు. ఇదీ కావాలనే వదిలిందా?"

"లేదు. వేసేలోపే పోయింది."

"నింపనా?" ఈసారి అడిగాడు.

"వద్దు బాబాయ్."

ఆయన కుంచె కడుక్కోవడానికి వెళ్లాడు. బొమ్మను వ్యానులో ఎక్కించారు. భుజం తెరిచే ఉంది. ఎడమ పాదానికి రంగు పడలేదు.