కోజి గదిలోకి కినుయో

నా భార్య కినుయో, మా యజమానులు సెరాకు వారి సాకేశాల లోపల ఎలా ఉంటుందో చూడకుండానే చచ్చిపోయింది. చూడనివ్వలేదు. ఇందులో ఎవరూ వాదించడానికి ఏమీ లేదు.

బియ్యాన్ని పులియబెట్టి సాకే అనే మద్యం చేసే ఆ సాకేశాల మా ఇంటికి ఎదురుగా, కాలవకి అవతల ఉంటుంది. కుర్రతనం నుంచి నడుం వంగేదాకా నేను అందులోనే పనిచేశాను. కోజి గదిలో పని. ఉడికిన బియ్యం మీద బూజు పొడి చల్లి, రాత్రీ పగలూ చేత్తో కలుపుతూ, తెల్లగా బూజు పట్టేదాకా పురిటి బిడ్డను చూసినట్టు చూసుకోవాలి. అలా బూజు పట్టిన బియ్యమే కోజి. అది చెడితే ఆ ఏటి సాకే చెడినట్టే. సాకే పిండే గుడ్డసంచులు చిరిగితే కుట్టిపెట్టేది కినుయో. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకీ చావులకీ పోసిన సాకే అంతా ఆమె కుట్లలోంచి కారిందే. ఆమె మాత్రం గుమ్మం బయట మంచులో నిలబడి సంచులు అందించి వెళ్ళేది.

ఒకసారి పెద్ద యజమానిని అడిగాను, మా ఆవిడ లోపల చూస్తానంటోందని.

"సాకే దేవత ఆడది, ఎయిజో. ఇంకో ఆడమనిషి లోపలికొస్తే అలుగుతుంది. మా తాత చెప్పాడు. మీ తాతా చెప్పే ఉంటాడు."

మా తాత చెప్పలేదు. మా తాత ముల్లంగి పండించాడు.

ఇంకో కట్టడి నత్తో గురించి. చలికాలమంతా సాకేశాలలో పనిచేసేవాడు నత్తో ముట్టకూడదు. తీగలు సాగే ఆ పులిసిన సోయా గింజల్లోని క్రిమి కోజిలో దూరిందంటే బియ్యం జిగటపట్టి కంపు కొడుతుంది. కినుయోకి నత్తో అంటే ప్రాణం. అయినా చలికాలంలో నాతోపాటు తనూ మానేసేది.

"నేను తింటే ఆ కంపు మీ చొక్కాకి అంటుకుంటుంది" అనేది. "ఇంతకీ ఆ గదిలో ఏముంటుందో చెప్పరేం?"

"బియ్యం."

"బియ్యానికే ఇంత గొడవా?"

ఆమె పోయింది. ఆ మరుసటేడు పెద్ద యజమానీ పోయాడు. అతని కొడుకు తెరుహికో టోక్యో నుంచి దిగి, సంచులు అందించే గుమ్మం దగ్గర టికెట్టు కిటికీ పెట్టాడు. ఇప్పుడు ఎవరైనా లోపలికి వెళ్ళవచ్చు. ఆడవాళ్ళూ వెళ్ళవచ్చు. దేవత అలక ఆ కిటికీ దగ్గరే తీరిపోయింది. చూరుకి వేలాడే దేవదారు రెమ్మల బంతిని కూడా మార్చాడు. కొత్త సాకే దిగినప్పుడు పచ్చటి బంతి కడితే, అది గోధుమరంగుకి తిరిగేకొద్దీ లోపల సాకే పాకానికి వస్తోందని ఊరంతటికీ తెలిసేది. ఎండిన బంతి ఫొటోల్లో బాగుండదట. ఇప్పుడు అది ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. సాకేశాలలో ఏం జరుగుతోందో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఈ చలికాలం నేనూ టికెట్టు కొన్నాను. కోజి గదిని అద్దంలోంచి చూపిస్తామని గోడమీద కాగితం అంటించారు. అద్దమైతే అద్దమే. పూజాపీఠం మీద ఉండే కినుయో ఫొటోని కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. ఆమె పోయిన తేదీ అది. ఆ తేదీకి ప్రతి నెలా ఆమె ముందు నత్తో గిన్నె పెట్టి, తరవాత నేనే తింటాను. పెట్టింది పారేయకూడదు. ఆ పొద్దున కూడా తిన్నాను. అద్దం ఇవతల నిలబడేవాడు ఏం తింటే ఏమి?

గుమ్మం దగ్గర మాకు వివరాలు చెప్పే పిల్ల రిన్నా చేతులు జోడించింది.

"ఇవాళ ఒక విశేషమండీ. అద్దంలోంచి కాదు, కోజి గది లోపలికే తీసుకెళ్తాం. మరేం అనుకోకండి, పొద్దున ఎవరైనా నత్తో తిన్నారా? తిన్నవాళ్ళు మాత్రం లోపలికి రాకూడదు."

ఎవరూ చెయ్యెత్తలేదు. అందరూ వంతెన పక్క సత్రంలో దిగినవాళ్ళు. ఆ సత్రం పొద్దుటి భోజనంలో నత్తో లేని రోజు నేనెరగను. నా పక్కన నిలబడ్డ ఆయన మీసం మీద ఒక తీగ ఇంకా వేలాడుతోంది.

"తమరు?" అంది రిన్నా, ఆ మీసం వైపు చూడకుండా.

"ఛ. నాకు దాని వాసనే పడదు" అన్నాడు మీసాలాయన.

"నేను కాఫీ తప్ప ముట్టను" అంది ఊదా టోపీ పెట్టుకున్న ఆవిడ. ఆవిడ ఊపిరి నాదాకా వచ్చింది.

"నేను తిన్నాను" అన్నాను.

అందరూ నన్ను చూసి ఒక అడుగు వెనక్కి జరిగారు.

"అయ్యో తాతగారూ" అంది రిన్నా. ఆ పిల్ల మంచిదే. "నిజం చెప్పారు, చాలా సంతోషం. రుచి చూసే గదిలో వెచ్చగా కూర్చోండి."

కూర్చున్నాను. జేబులో కినుయో ఉంది. గోడకి అవతల ఆ గది ఉంది.

వాళ్ళు చెమటలు తుడుచుకుంటూ వచ్చారు. "లోపల గుడిలో ఉన్నట్టుందండీ" అంది టోపీ ఆవిడ నాతో. "కోజిని పిడికిట్లోకి తీసుకోనిచ్చారు. మీరు చూడాల్సింది."

తరవాత అడుగున నీలం వలయాలున్న తెల్ల గిన్నెల్లో సాకే పోశారు. పుక్కిలించి ఉమ్మడానికి ఒక పాత్ర పెట్టారు. టికెట్టు కొన్నవాడు ఉమ్మడు. పాత్ర పొడిగానే ఉంది.

"దీన్లో పుచ్చకాయ ఉంది" అన్నాడు మీసాలాయన కళ్ళు మూసుకుని.

"తడిసిన గులకరాయి కూడా" అంది టోపీ ఆవిడ.

"రెండూ సరైనవేనండీ" అంది రిన్నా. "తాతగారూ, మీకేం తగిలింది?"

"బియ్యం."

మీసాలాయన నాకేసి జాలిగా చూశాడు. "అలవాటు లేనట్టుంది పాపం. మెల్లిగా వస్తుంది లెండి."

వారం తిరగకుండా కోజి చెడింది. జిగటపట్టి కంపు కొట్టింది. తొట్లలో కలిపిందంతా కాలవలో పారబోశారు. మా ఇంటి ముందు నుంచే పోయింది. మంగలి కొట్టులో అప్పటికే తీర్పు అయిపోయింది. నత్తో తిన్నానని ఒప్పుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి చెడగొట్టిందీ నేనే.

"ఏం నత్తో తాతా, ఇంక ఏ గుమ్మం ఎక్కుతావ్?" అన్నాడు మంగలి, నా గడ్డం కింద కత్తి పెట్టి.

తెరుహికో ఒక సీసాని గుడ్డలో చుట్టి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చాపకి నుదురు ఆనించి దండం పెట్టాడు. అంత వంగాడంటే ఏదో అడగడానికే.

"ఎయిజో గారూ, మీరు లోపలికి రాలేదని నాకు తెలుసు. రిన్నా చెప్పింది."

"అయితే ఊళ్ళో చెప్పండి చిన్నబాబూ."

"చెప్తే ఇంకెవరని అడుగుతారు. అతిథులు అబద్ధం ఆడారని ఎలా అంటాం? మంచి మాటలు రాసి వెళ్ళారు. అందులో ఒకాయన గుడిలో ఉన్నట్టుందని రాశారు."

"మీసం ఉందా ఆయనకి?"

అతను సీసా గుడ్డ ముడి సరిచేశాడు. "మీరు మా ఇంటి మనిషి. ఊరు మిమ్మల్ని రెండేళ్ళలో క్షమించేస్తుంది. బయటివాళ్ళు క్షమించరు. మీరు కాదనకుండా ఉంటే చాలు. దానికి మీరేం చెయ్యమంటే అది చేస్తాను."

పూజాపీఠం వైపు చూశాను. కినుయో అక్కడుంది.

"గదిని కడిగారా?"

"మరిగే నీళ్ళతో. చెక్కలన్నీ ఎండబెడుతున్నారు."

"ఆమెని లోపలికి తీసుకెళ్తాను. నేనే. ఒక్కణ్ణే."

అతని మొహం వెలిగింది. "ఎంత బాగుందండీ. సంచులు కుట్టిన ఇల్లాలు అని గోడమీద ఒక పెద్ద ఫొటో పెడదాం. రిన్నా కూడా చెప్తుంది, వచ్చినవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు..."

"రిన్నా ఏం చెప్పదు. మీరూ చెప్పరు. గోడమీద ఏదీ పెట్టరు. అలాగైతేనే."

వెలుగు పోయింది. కానీ తల ఊపాడు.

మర్నాడు మధ్యాహ్నం సంచులు అందించే గుమ్మంలోంచి లోపలికి వెళ్ళాను. టికెట్టు కిటికీ మూసి ఉంది. కోజి గది తలుపు బరువు నా భుజానికి గుర్తుంది. తోసి లోపలికి వెళ్ళి తలుపు మూశాను. ఫొటో బయటికి తీసి నాలుగు వైపులా తిప్పి చూపించాను.

చెక్క గోడలు. ఖాళీ బల్లలు. తడి నేల. వెచ్చదనం కూడా లేదు. బియ్యం గింజ ఒక్కటి లేదు.

ఉండి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఇంతేనా అనేది. ఇందుకేనా నన్ను మంచులో నిలబెట్టారు అనేది. నా దగ్గర జవాబు లేదు. సెరాకు వాళ్ళ దగ్గరా లేదు. దేవత ఉంటే దాని దగ్గరా ఉండదు.

తలుపు తీసుకుని బయటికి వచ్చాను. తెరుహికో కాలవ గట్టున తల వంచుకుని నిలబడ్డాడు. నేను వంచలేదు. ఆ సాయంత్రం కినుయో ముందు నత్తో పెట్టాను. అతను తెచ్చిన సీసాని గుడ్డ విప్పకుండానే అతని గుమ్మంలో పెట్టి వచ్చాను.

ఊళ్ళో ఇప్పటికీ నన్ను నత్తో తాత అనే అంటారు. కాదనను. ఒప్పందం ప్రకారం నోరు మూసుకున్నాను. ఇక్కడ ఒక్కసారి విప్పాను. ఇంకెవరైనా అడిగితే ఈ ఏడు మంచు ఎంత పడిందో చెప్తాను. దీని గురించి ఇక మాట్లాడను.