జయమ్మ అరికాళ్ళు

అమ్మలారా, అయ్యలారా, ఒక్క మాట అడుగుతాను. లెక్కలు రాలేదని ఆడపిల్లని తిడతారే, ఆ పిల్లని మీరు చివరిసారి పరుగెత్తనిచ్చింది ఎప్పుడు?

కబ్బన్‌పేటలో మగ్గం నేసే పిల్లప్ప కూతురు జయమ్మ. మొన్న పంతొమ్మిది వందల నలభై మూడులో దానికి పదేళ్ళు. రోజూ బడికి ముందు వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడేది. గెంతే కొద్దీ నేలలోంచి అంకెలు లేచి, ఎర్రమట్టిలాగా అరికాళ్ళకి అంటుకునేవి. గడపలో అడుగు పెట్టగానే తల్లి గౌరమ్మ చీపురెత్తేది.

"ఏమే, ఏడో ఎక్కమంతా ఇంట్లోకి తొక్కుకొస్తివే! ఊడ్చలేక నడుము పడిపోతా ఉండాది."

"ఊడ్చొద్దమ్మా, బడిలో కావాల."

బడిలో కూర్చుంటే ఆ అంకెలు అరికాళ్ళలోంచి ఒంట్లోకి ఎక్కి, బలపం కొసన దిగేవి.

ఆ ఏడు నాలుగో క్లాసు పరీక్ష. పిల్లప్ప ముందే తేల్చేశాడు. "లెక్కల్లో తప్పితే బడి చాలు. రాట్నం ముందర కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టాల."

భయపడి గౌరమ్మ వారం రోజులు పిల్లని గడప దాటనీయలేదు. ఆడితే బుద్ధి చెదురుతుందట! పరీక్ష పొద్దున దాని కాళ్ళు పీచుతో తోమి, శుభమని పసుపు పూసి, మట్టంటకుండా జట్కాలో పంపింది.

పరీక్షలో మొదటి లెక్క, ఏడెనిమిదులు ఎంత? జయమ్మకి పసుపు కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. రాట్నం చప్పుడు చెవుల్లో తిరిగింది. లేచి నిలబడింది.

"అయ్యవారూ, బయటికి పోవాల."

హెడ్మాస్టరు రామాంజినప్ప కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఎందుకు?"

"మాయమ్మ కాళ్ళు కడిగేసింది."

ఆయన ఆ పాదాలు చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, పరీక్ష పూట ఎంత పని చేసింది! పో తల్లీ, ఐదు నిమిషాలే. బేగ రా."

జయమ్మ పరికిణీ ఎగదోపి బడి ఆవరణ చుట్టూ ఉరికింది. మొదటి చుట్టుకి రెండ్లూ మూడ్లూ లేచాయి. ఐదో చుట్టుకి ఏడులూ ఎనిమిదులూ చీలమండల దాకా పట్టాయి. రొప్పుతూ వచ్చి కూర్చుంది. వెనకే బంట్రోతు గచ్చు తుడుస్తూ గొణిగాడు. "భాగహారాలు ఎంత తుడిచినా పోవప్పా!"

పది లెక్కలకి పదీ చేసింది.

ఇప్పుడు జయమ్మ మిడిల్ స్కూల్లో ఉంది. పిల్లప్ప కండెలు తానే చుట్టుకుంటున్నాడు. గౌరమ్మ పొద్దున్నే వాకిలి చిమ్మి, ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తోంది.

మీరూ గీయండి. రేపే గీయండి. ఆడి వచ్చిన పిల్లని బడికి పంపే ముందు, దయచేసి, కాళ్ళు మాత్రం కడగకండి.